వచ్చిన విమానము, మానిన విమానము

గడచిన మాసమున మా కేంద్రమునకు వచ్చిన శ్రోతల ఉత్తరములలో ఒకటి మా చేతిలో చాలసేపు నిలిచిపోయినది. వ్రాసినవారు జగిత్యాల సమీపమున ఒక పల్లెలో నివసించు పెద్దమనిషి. ఆయన కుమారుడు ఏడు సంవత్సరములుగా గల్ఫు దేశములో సెంట్రింగు పని చేయుచున్నాడట. ఆ ఉత్తరములోని మాటలను ఆయన వ్రాసినట్లే చదివి వినిపించెదము.

“సారూ, పెద్దపల్లి దిక్కు విమానం దిగుతదని చెప్పి ఒక బ్రోకరు మా ఊర్ల తిరుగుతున్నడు. రోడ్డు పక్కకు పది గుంటలు తీసుకో, విమానం వచ్చిందంటే నీ పిలగాడు మల్ల దుబాయి పోవుడు అక్కర లేదు అంటున్నడు. పిలగాడు పంపిన పైసలు బ్యాంకుల ఉన్నయి. అప్పట్ల బసంత్‌నగర్ల విమానం దిగుడు నేను గూడ చూసిన. మరి అది ఎందుకు బందయింది? మల్ల వస్తే ఉంటదా? మీరు చదువుకున్నోళ్లు, రేడియోల చెప్పున్రి.”

ప్రశ్న చిన్నదే. కాని దాని వెనుక ఏడు వేసవుల ఎండలో ఒక యువకుడు సంపాదించిన ధనమున్నది. భూమి కొనవలెనా, వలదా అని చెప్పుట మా పని కాదు. అయితే ఆయన అడిగిన రెండు ప్రశ్నలకు, అనగా వచ్చిన విమానము ఎందుకు మానినది, మరల వచ్చినచో నిలుచునా అను ప్రశ్నలకు, తెలిసినంతవరకు సమాధానము చెప్పుట మా విధి. నేటి ప్రసంగము అందులకే.

బసంత్‌నగర్ విమానమును మేము కూడ ఎరుగుదుము. మాకప్పుడు ఆరేడు సంవత్సరముల వయస్సు. మా తండ్రిగారు ఆ ప్రాంతమున బడిపంతులు. ఒక ఆదివారమునాడు మమ్ము సైకిలు ముందర కూర్చుండబెట్టుకొని సిమెంటు కర్మాగారము వైపు తీసికొనిపోయిరి. కంచె ఇవతల మావంటి పిల్లలు, మేకలకాపరులు, టీ కొట్టువాడు గుంపుగా నిలిచియుండిరి. చిన్న విమానమొకటి దుమ్ము రేపుకొనుచు దిగినది. అందుండి పట్టుమని పదిమంది కూడ దిగలేదు. దిగినవారికొరకు రెండు జీపులు సిద్ధముగా నుండెను. “వీళ్లంత కంపెనీ సార్లే” అని టీ కొట్టువాడు మా తండ్రిగారితో అనెను. ఆ నాడు మేము విమానమునే చూచితిమి గాని ఆ మాటను వినియు వినలేదు. ఇప్పుడు ఆలోచించినచో ఉత్తరములోని మొదటి ప్రశ్నకు సగము సమాధానము ఆ మాటలోనే ఉన్నదని తోచుచున్నది.

అంతకుముందే మన ఆకాశమునకు విమానములు క్రొత్తవి కావు. 1945లో నిజాము ప్రభుత్వమును, టాటా విమాన సంస్థయును కలసి డెక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను స్థాపించిరి. బేగంపేట దాని నివాసము. రెండవ ప్రపంచయుద్ధములో సైనికులను, సరకులను మోసిన డకోటా విమానములే ఆనాడు ప్రయాణికుల విమానములైనవి. మన దేశమున వాణిజ్య విమానములను నడపుటకు అనుమతి పొందిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌గారికి ఉద్యోగమిచ్చినది కూడ ఈ హైదరాబాదు సంస్థయే. పెక్కు సంస్థలు కాదన్న తరువాత ఆమెకు ఇచట అవకాశము లభించినది.

1949లో మరియొక చిత్రమైన ఏర్పాటు జరిగినది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరముల నుండి ప్రతి రాత్రి ఒక్కొక్క విమానము టపా సంచులతో బయలుదేరి నాగపురిలో కలసికొనెడివి. అచట సంచులు మార్చుకొని తెల్లవారునప్పటికి ఎవరి నగరమునకు వారు మరలిపోయెడివారు. పటముమీద మద్రాసునుండి నాగపురికి ఒక సరళరేఖ గీచి చూడుడు. ఆ రేఖ మన రామగుండము మీదుగా, మంచిర్యాల, ఆసిఫాబాదు అడవుల మీదుగా పోవును. దేశపు ఉత్తరములు మన తలలమీదుగా ఎగిరిపోవు రోజులలో మన పల్లెలకు ఉత్తరము కాలినడకన వచ్చెడిది. విమానము మీదుగా పోవుట వేరు, దిగుట వేరు. ఈ భేదమును మన జిల్లాలు ఆనాటినుండియే ఎరుగును.

1953లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము దేశములోని విమాన సంస్థలు జాతీయమైనవి. డెక్కన్ ఎయిర్‌వేస్‌తో కలిపి ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైనవి. అప్పటినుండి ఏ ఊరికి విమానము పోవలెనో నిర్ణయించునది ప్రభుత్వము. లాభము లేని దారులు కూడ కొన్ని నడచినవి. ఒక దారిలో వచ్చిన లాభముతో వేరొక దారి నష్టమును పూడ్చుకొనెడివారు. వరంగల్లు ప్రక్కన మామునూరులో నిజాము కాలమున వెలసిన విమానాశ్రయము 1981 వరకు పనిచేసినది.

ఆ 1981లోనే వాయుదూత్ అను సంస్థ పుట్టినది. ఇండియన్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ ఇండియా కలసి దానిని స్థాపించినవి. మొదటి ఉద్దేశ్యము ఈశాన్య భారతమునందలి కొండ ప్రాంతములకు విమానములు నడుపుట. తరువాత అది దేశమంతట చిన్న చిన్న ఊళ్లకు విస్తరించినది. అట్లు విస్తరించిన ఊళ్లలో మన రామగుండమొకటి. బసంత్‌నగర్‌లోని మైదానమున 1980ల దశకములో దిగినవి ఆ వాయుదూత్ విమానములే. ఆ సంస్థ వాడిన విమానములలో డోర్నియర్ అనునది ముఖ్యమైనది. అది జర్మనీ దేశపు నమూనా. మన కాన్పూరులో తయారైనది. 19 మంది కూర్చుండగలరు.

అది ఎందుకు మానినది? శ్రోతలు కొంచెము ఓపికతో వినవలెను. ఇది బజారు లెక్కయే గాని బ్రహ్మవిద్య కాదు.

కూరగాయలమ్మువాని సంగతి చూడుడు. సాయంత్రము వరకు అమ్ముడుపోని ఆకుకూరను మరునాడు ఎవరును కొనరు. విమానములోని సీటు అంతకంటె త్వరగా వాడిపోవును. తలుపు మూసిన నిమిషమున ఖాళీగా నున్న సీటు ఇక ఎన్నడును అమ్ముడుపోదు. బస్సుకైనచో దారిలో చేయి ఎత్తినవాడు ఎక్కును. విమానమునకు ఆ యోగము లేదు. విమానచోదకుని జీతము, యంత్రపు మరమ్మతు, అద్దె, దిగినందుకు చెల్లించు రుసుము, ఇవన్నియు పదిమంది ఎక్కినను, పందొమ్మిదిమంది ఎక్కినను ఒక్కటే. ఇంధనము కూడ దాదాపు అంతే. చిన్న విమానమైనచో ఈ ఖర్చునంతయు కొద్దిమందియే పంచుకొనవలెను. అందుచేత చిన్న ఊరికి చిన్న విమానము సరిపోవునను మాట పైకి న్యాయముగా కనబడును గాని, ఒక్కొక్క ప్రయాణికునిపై పడు వ్యయము పెద్ద విమానములోకంటె ఎక్కువగును.

మరియొక సంగతి. దూరము తక్కువైనకొలది విమానము విలువ తగ్గును. బసంత్‌నగర్ నుండి హైదరాబాదు చేరుటకు ఆకాశములో గడచు కాలము గంటలోపే. కాని ముందుగా పోయి నిరీక్షించుట, దిగిన పిదప నగరములోనికి పోవుట కలిపినచో మూడు గంటలు గడచును. రామగుండములో రైలెక్కినవాడు దాదాపు అదే కాలములో కాజీపేట మీదుగా రాజధాని చేరువకు వచ్చుచుండెను. రాజీవ్ రహదారి వెడల్పైన పిదప కారు కూడ పోటీకి వచ్చినది. మిగిలినవారెవరు? ధర ఎవరో చెల్లించగా ప్రయాణము చేయు కంపెనీ అధికారులు. సిమెంటు, బొగ్గు, విద్యుత్తు, ఎరువుల పరిశ్రమలవారు కొందరున్నారు. కాని ప్రతిదినము ఒక విమానమును నింపునంతమంది లేరు. టీ కొట్టువాని మాటకు అర్థమిదియే.

వాయుదూత్ శీఘ్రముగా పెరిగినది. నష్టములును అంత శీఘ్రముగా పెరిగినవి. 1993లో దానిని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపివేసిరి. బసంత్‌నగర్ మైదానము మాత్రము మిగిలినది. రైలు మానిన చోట పట్టాలు తుప్పుపట్టి ఆ సంగతి చాటును. విమానము మానిన చోట ఆకాశము ఎప్పటివలెనే ఉండును. అందుచేత ఏ దినమున ఆఖరి విమానము పోయినదో ఊరిలో చాలమందికి గుర్తుండదు.

ఇది మన ఊరికే పట్టిన దుర్దశ అనుకొనరాదు. ఐరోపాలోని మహానగరములకు కూడ ఇదే అనుభవము. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయము ఆ ఖండములోని పెద్దవానిలో ఒకటి. చౌక టిక్కెట్లకు పేరుగాంచిన ఐర్లండు సంస్థ రయన్‌ఎయిర్ 2017లో అచట తన స్థావరమును తెరచినది. అయిదు సంవత్సరములు గడచినవి. 2022 మార్చి చివరికి ఆ స్థావరమును మూసివైచి, విమానములను వేరు చోట్లకు తరలించుకొనిపోయినది. విమానాశ్రయపు రుసుములు ఎక్కువగుటయే కారణమని ఆ సంస్థ చెప్పినది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రయాణికులకు కొదువా? రన్‌వేకు కొదువా? లేదు. అయినను సంస్థ పోయినది. ఏలన విమానాశ్రయము భూమికి అంటుకొనియుండును, విమానమునకు రెక్కలున్నవి. ఇచట నూరు రూపాయలు వచ్చుచుండగా మరియొకచోట నూటపది వచ్చునని తోచినచో అది మరునాడే అచటికి పోగలదు.

ప్రపంచమంతట విమానముల కాలపట్టిక సంవత్సరమునకు రెండు మారులు మారును. మార్చి నెల చివరి ఆదివారమున వేసవి పట్టిక, అక్టోబరు నెల చివరి ఆదివారమున శీతకాలపు పట్టిక మొదలగును. మన రైతునకు ఖరీఫు, రబీ ఎట్టివో విమాన సంస్థకు ఈ రెండును అట్టివి. గత పంటలో ఏ చెలక గిట్టుబాటైనది, ఏది కాలేదు అని లెక్క చూచుకొని దారులను కలుపుదురు, తొలగింతురు. రద్దీగల విమానాశ్రయములలో దిగుటకును, ఎగురుటకును ఒక్కొక్క సంస్థకు నిర్ణీత సమయములు కేటాయింపబడును. ఐరోపాలో ఆ సమయములను నూటికి ఎనుబది వంతులైనను వాడుకొనని సంస్థ తరువాతి పట్టికలో వానిపై హక్కును కోల్పోవునని నియమమున్నది. కౌలుకు తీసికొన్న భూమిని బీడుపెట్టినచో తిరిగి తీసికొందురు గదా, అట్లే. అందుచేత పెద్ద విమానాశ్రయములలో ఒకరు మానినచో ఆ స్థానమునకు మరియొకరు కాచుకొనియుందురు. చిన్న ఊరిలో మానినచో ఆ స్థానమునకై కాచుకొనియుండువారు లేరు. ఫ్రాంక్‌ఫర్ట్‌కును బసంత్‌నగర్‌కును భేదమిదియే.

అదే ఫ్రాంక్‌ఫర్ట్‌నుండి 2024 జనవరిలో జర్మనీ సంస్థ లుఫ్తాన్సా మన శంషాబాదునకు విమానము నడుపుట ప్రారంభించినది. కరీంనగరమునుండి జర్మనీకి చదువుకొనుటకు పోవు పిల్లలకు ఇది ఎంత సౌకర్యమో వారి తలిదండ్రులు ఎరుగుదురు. ఒక సంస్థ వదలిన ఊరినుండి మరియొక సంస్థ మన ఊరికి దారి వేసినది. దారులు పుట్టుట, గిట్టుట ఇట్లు నిత్యము జరుగుచునే యుండును.

ఇక చిన్న ఊళ్లకు విమానములు నడుపుటకు మన దేశమున జరిగిన రెండవ పెద్ద ప్రయత్నమును గూర్చి చెప్పవలెను. 2016లో కేంద్ర ప్రభుత్వము ఉడాన్ అను పథకమును ప్రకటించినది. వాయుదూత్ అనుభవమును దృష్టిలో నుంచుకొన్నట్లే దీని కట్టుబాట్లు కనబడును. ప్రభుత్వము తానై విమానములు నడుపదు. ఒక దారిని నడుపుటకు ఎవరు తక్కువ సహాయము కోరుదురో ఆ సంస్థకు ఆ దారి నిచ్చును. సీట్లలో కొన్నిటిని తక్కువ ధరకు అమ్మవలెను. సుమారు ఒక గంట ప్రయాణమునకు 2500 రూపాయలు మించరాదని మొదట నిర్ణయించిరి. నష్టమును పూడ్చుటకు మూడు సంవత్సరములు ధనసహాయముండును. ఆ పిదప దారి తన కాళ్లపై తాను నిలువవలెను.

ఈ పథకము క్రింద తొలి విమానములు 2017 ఏప్రిల్ 27న ఎగిరినవి. షిమ్లానుండి ఢిల్లీకి పోవునది ఒకటి. మిగిలిన రెండును మన హైదరాబాదుతో ముడిపడినవే: ఒకటి కడపకు, మరియొకటి నాందేడునకు. నాందేడు మన ఆదిలాబాదునకు పొరుగు జిల్లా కేంద్రము. భైంసా, నిర్మల్ వారికి సంతకు పోయి వచ్చినంత పరిచయమైన ఊరు. ఆ రెండు దారులను నడిపినది ట్రూజెట్ అను హైదరాబాదు సంస్థ. 2022లో ఆ సంస్థ విమానములే ఆగిపోయినవి. ఇంటి యజమాని కష్టపడినచో అద్దెకున్నవాడు కూడ వీధిని పడినట్లు, సంస్థ ఆగినప్పుడు బాగుగా నడచుచున్న దారులు కూడ ఆగిపోవును.

ఈ పథకపు ఫలితములను కాగ్ సంస్థ, అనగా భారత ప్రభుత్వపు లెక్కల తనిఖీ సంస్థ, పరిశీలించి 2023లో నివేదికను వెలువరించినది. ఆ అంకెలను శ్రోతలు కాగితముపై వ్రాసికొన్నను మంచిదే. మొదటి మూడు విడతలలో కేటాయించిన దారులు 774. వానిలో అసలు మొదలే కానివి 403. మొదలైనవి 371. ఆ 371లో మూడు సంవత్సరముల గడువు పూర్తిగా నడచినవి 112. సహాయము ముగిసిన పిదప కూడ 2023 మార్చి నాటికి నిలిచియున్నవి 54. అనగా కాగితముపై పుట్టిన ప్రతి నూరు దారులలో చివరకు నిలిచినవి ఏడు.

ఈ అంకెలు చెప్పి నిరాశ కలిగింపవలెనని మా యుద్దేశ్యము కాదు. నిలిచిన 54 దారులును ప్రజలకు మేలు చేయుచున్నవి. కాని “విమానాశ్రయము వచ్చుచున్నది” అను ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు దాగియున్నవని గ్రహింపవలెను. మైదానము సిద్ధమగుట ఒకటి. అందులో విమానము దిగుట రెండవది. దిగిన విమానము ఏండ్ల తరబడి వచ్చుచునే యుండుట మూడవది. మొదటిదానికి ప్రభుత్వపు సంకల్పము, ధనము చాలును. రెండవదానికి ఒక సంస్థ ముందుకు రావలెను. మూడవదానికి సీట్లు నిండవలెను. బ్రోకరు చెప్పునది మొదటిదానిని గూర్చియే. ధర పెంచునది మాత్రము మూడవదాని పేరు చెప్పి.

మన ప్రాంతమున ఇప్పుడు నడచుచున్న మాటలేవి? శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో తెరువబడినది. దానికి 150 కిలోమీటర్ల లోపల ఇరువదియైదు సంవత్సరములవరకు మరియొక విమానాశ్రయము రాకూడదని ఒప్పందములో ఒక షరతున్నది. మామునూరునకు ఆ షరతు చాలకాలము అడ్డుపడినది. శంషాబాదు నిర్వాహకులు అంగీకరించిన పిదప 2025 ఫిబ్రవరిలో కేంద్రము మామునూరునకు ఆమోదము తెలిపినది. ఆదిలాబాదులోని పాత మైదానము వాయుసేన ఆధీనములోనిది. అచట పౌరవిమానములకు కూడ అవకాశమిచ్చుటకు 2025లో వాయుసేన సమ్మతించినది. పెద్దపల్లి జిల్లాలో బసంత్‌నగర్ పేరు ఎన్నో ఏండ్లుగా వినబడుచున్నది. అదే జిల్లాలోని అంతర్గాము పేరు కూడ తరువాత వినవచ్చినది. ఈ రెండు జిల్లాల చోట్లును శంషాబాదునుండి ఆకాశమార్గమున కూడ 150 కిలోమీటర్లు దాటియున్నవి గనుక ఆ షరతు వానికి అంటదు. అంటునది మేము ఇంతవరకు చెప్పిన బజారు లెక్కయే.

ఇంత చెప్పిన పిదప, “అయినచో మనకు విమానము వలదా?” అని అడుగువారుందురు. అట్లు మేము అనము. అనలేము. అందులకు మా యింటి కారణమొకటి కలదు.

మా మేనత్త కుమారుడు, మాకు బావ వరుస, కువైటులో పనిచేయుచుండెను. 2020 మార్చి మూడవ వారమున మహమ్మారి కారణముగా దేశమునకు వచ్చు అంతర్జాతీయ ప్రయాణికుల విమానములన్నియు ఆగిపోయినవి. ఏప్రిల్ నెలలో మా మేనత్త కాలము చేసినది. ఆమెకు ఒక్కడే కుమారుడు. ధర్మపురిలో గోదావరి ఒడ్డున తలకొరివి పెట్టినది మేము. ఆయన ఆ దృశ్యమును ఫోనులో చూచెను. మధ్యలో సిగ్నలు పోయినది. మరల వచ్చునప్పటికి చితి సగము కాలినది. మే నెలలో ప్రభుత్వము ప్రత్యేక విమానములను పంపినది గాని ఆయన వంతు వచ్చునప్పటికి సంవత్సరీకము దగ్గర పడినది. ఇంటికి వచ్చిన రాత్రి ఆయన మాతో అన్న మాట ఇది: “జైల్ల ఉన్నోనికి గూడ తల్లి సచ్చిపోతే పేరోల్ ఇస్తరు గద బావా. నేనేం తప్పు చేసిన?” మేము ఏమియు చెప్పలేకపోయితిమి.

నియమిత కాలపట్టిక ప్రకారము అంతర్జాతీయ విమానములు మరల తిరుగుట 2022 మార్చి 27న గాని మొదలు కాలేదు. అంతకుముందు 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ సంస్థ మూతపడినప్పుడు కూడ దేశమంతట టిక్కెట్ల ధరలు పెరిగి, సెలవుపై ఇంటికి రాదలచినవారు ఇబ్బంది పడిరి. కరీంనగర్, ఆదిలాబాదు పాత జిల్లాల పల్లెలలో గల్ఫునకు మనిషిని పంపని వాడ అరుదు. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, ఖానాపూర్, నిర్మల్ వైపులనుండి ప్రతి రాత్రి కార్లు శంషాబాదునకు పోవుచునే యుండును. ఎక్కించి వచ్చు కారులో ఏడ్పుండును. దింపుకొని వచ్చు కారులో నవ్వుండును. ఒక్కొక్కమారు వెనుక అంబులెన్సులో చెక్కపెట్టె యుండును. విమానపు దారి కలుపబడుట, తొలగింపబడుట అనునవి ఇంతమందికి వార్తాపత్రికలోని వ్యాపార పుట సంగతులు కావు. అవి ఇంటి సంగతులు.

అందుచేత మన ప్రాంతమునకు ఎట్టి విమానము కావలెనో మనము ఆలోచింపవలెను. బసంత్‌నగర్ నుండి హైదరాబాదునకు మాత్రమే పోయి ఆగిపోవు విమానము వెనుకటివలెనే మానిపోవు ప్రమాదమున్నది. బస్సు, రైలు, కారు మూడును దానితో పోటీ పడుచున్నవి. ఒక్క టిక్కెట్టుతో, ఒక్కమారు సామాను అప్పగించి, దుబాయిలోనో, ముంబాయిలోనో, ఢిల్లీలోనో దిగగల ఏర్పాటున్నచో సెంట్రింగు మేస్త్రీ కూడ ఎక్కును, బొగ్గు గనుల ఇంజనీరు కూడ ఎక్కును. జగిత్యాల మామిడి వేసవిలో లారీలపై ఢిల్లీ వరకు పోవుచున్నది; అందులో మేలిరకము కొంతయైనను విమానపు కడుపులోనికి ఎక్కగలిగినచో ఆ దారికి మరికొంత బలము చేకూరును. ఆదిలాబాదు వారికి హైదరాబాదు మూడువందల కిలోమీటర్ల దూరము. నాగపురి రెండువందల లోపు. వారి విమానము హైదరాబాదుకంటె నాగపురితోనే ఎక్కువ పోటీ పడవలెను. ఏ ఊరి లెక్క ఆ ఊరిదే. అన్ని ఊళ్లకు ఒకే కొలత పనికిరాదు.

ప్రజాప్రతినిధులు మన ఊళ్లకు వచ్చినప్పుడు “విమానాశ్రయము ఎప్పుడు?” అని అడుగుచున్నాము. దానితోపాటు మరి మూడు ప్రశ్నలు కూడ అడుగుట మేలు. ఏ ఊరికి పోవు విమానము? వారమునకు ఎన్ని దినములు? సహాయము ముగిసిన నాలుగవ సంవత్సరమున దానిని నడుపువారెవరు? ఈ మూడింటికి సమాధానము దొరికిననాడు మైదానమునకు విలువ వచ్చును.

ఇక ఉత్తరము వ్రాసిన పెద్దలకు మా సమాధానము. అయ్యా, మీరు చూచిన విమానము మీ దోషమువలన గాని, ఊరి దోషమువలన గాని పోలేదు. దానిలో ఎక్కవలసిన మీవంటివారికి అది అందలేదు. ఎక్కినవారు దానికి చాలలేదు. అందుచేత పోయినది. మరల రావచ్చును. వచ్చినది నిలువనువచ్చును. కాని నేడు నిలుచునని రూఢిగా చెప్పగలవారెవరును లేరు. చెప్పుచున్నవాడు అమ్మకపు ధరలో తన వాటాను చూచుకొనుచున్నాడేమో గమనింపుడు. ఆ పది గుంటలు విమానము రాకున్నను మీకు పనికివచ్చు భూమియేనా? అందులో బావికి నీరు పడునా? పట్టా ఎవరి పేరుననున్నది? దారి ఎచటనున్నది? ఈ ప్రశ్నలకు సంతృప్తికరమైన సమాధానములు వచ్చినచో అది వేరు సంగతి. విమానమునే నమ్మి కొనవలసిన భూమియైనచో, మీ కుమారుని ఒక్కమారు అడిగి చూడుడు. ఆ ధనమెట్లు వచ్చినదో అందరికంటె ఎక్కువగా ఎరిగినవాడు అతడే.

అతడు ఈ వేసవిలో సెలవుపై వచ్చునని మీరు ఉత్తరము చివర వ్రాసితిరి. శంషాబాదులో తెల్లవారుజామున మూడు గంటలకు దిగునట. మీరు కారు మాట్లాడుకొని పోవుదురట. దారిలో రేడియో పెట్టుకొనుడు. ఆ వేళకు మా కేంద్రము ఇంకను మొదలు కాదు గాని, మరలి వచ్చునప్పుడు సిద్దిపేట దాటునప్పటికి ఉదయపు పాటలు వినవచ్చును.